దమస్కు దారిలో పెళ్లిగుర్రం

తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. గోదావరిఖనిలో మేముండే బొగ్గు కంపెనీ క్వార్టర్ల పక్కనే మా కతోలిక గుడి. ఆదివారం పూజ అయ్యాక అక్కడ ఇంటర్, డిగ్రీ పిల్లలకు బైబిలు పరిచయ తరగతి జరిగేది. చెప్పేది కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్. తెలుగును పుస్తకాల్లోంచి నేర్చుకున్న మనిషి, మమ్మల్ని తిట్టేటప్పుడు కూడా వ్యాకరణం తప్పేది కాదు.

ఆ ఏడు మేము తొలినాటి సంఘం చరిత్ర చదువుతున్నాం. క్రైస్తవులను బంధించి తేవాలని బయలుదేరిన సౌలు దమస్కు దారిలో పెద్ద వెలుగు చూసి పడిపోతాడు. చూపు పోతుంది. ఆ తర్వాత అతనే పౌలుగా ఊరూరా తిరిగి సువార్త చెప్తాడు.

"సౌలు దేని మీది నుండి పడెను?" అని అడిగింది సిస్టర్.

గుర్రం మీది నుంచి అన్నాం అందరం.

"అపోస్తలుల కార్యములు, తొమ్మిదవ అధ్యాయం తెరవండి. గుర్రము ఎక్కడ ఉన్నదో నాకు చూపండి."

వెతికాం. లేదు. నేల మీద పడ్డాడని ఉంది, అంతే. మాకు ఎవరో మోసం చేసినట్టనిపించింది. గుడి గోడకున్న పటంలో అంత లావు తెల్లగుర్రం ఉందాయె!

నన్ను అన్నానికి పిలవడానికి వచ్చిన మా బాపు కిటికీ దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చే లాంపురూములో ఆయన డ్యూటీ. సోడాబుడ్డి అద్దాలు. పండుగలకు తప్ప గుడిలో కనపడేవాడు కాదు.

"గుర్రం లేకుంటే పడుడెట్ల సిస్టరమ్మా? నడిశేటోడు పడితే గది తట్టుకునుడైతది," అన్నాడు.

సిస్టర్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాపు అక్కడితో వదిలేసేవాడు. గుడి పండుగ రోజున మేం వేసే నాటకంలో సౌలు వేషం తనదేనని, గుర్రాన్ని తెచ్చే పూచీ కూడా తనదేనని పట్టుబట్టాడు. ఫాదర్ సరదా మనిషి, సరేనన్నాడు.

పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పే ముసలి భాయ్ ఒకాయన దొరికాడు. "బ్యాండు లేకుంటే అది అడుగెయ్యది సాబ్. ఆదత్ అయ్యింది," అన్నాడాయన.

బాపు సిస్టర్ దగ్గరికి వెళ్లాడు. "సౌలు బ్యాండుతోని పోయిండా?"

"పోలేదు."

"పోలేదని రాసున్నదా?"

రాసి లేదు. సిస్టర్ పుస్తకం మూసి ప్రార్థన గదిలోకి వెళ్లిపోయింది.

నాటకం రోజు గుడి ముందరి మైదానం నిండింది. దేవుడి గొంతు నాది. తెర వెనుక మైకు పట్టుకుని, నన్నెందుకు బాధపెడుతున్నావని సౌలును అడగాలి. వెంటనే బాపు పడాలి. మా పాటల బృందం కీబోర్డు మీద పెళ్లి దరువు మొదలుపెట్టింది. అమ్మ పట్టుచీరను భుజాన వేసుకుని, అట్టకత్తి పట్టుకుని బాపు వచ్చాడు. అద్దాలు మాత్రం తియ్యనన్నాడు. గుర్రం ముందుకాళ్లెత్తి ఆడటం మొదలుపెట్టింది.

ఫోకస్ లైటు పడింది. నేను అడిగాను. బాపు పడలేదు. మళ్లీ అడిగాను.

"ఆగు బిడ్డా, పడ్తున్న! ఇది నిలబడ్తలేదు!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే గేటు బయట రోడ్డు మీద నిజం పెళ్లి ఊరేగింపు ఒకటి పోతోంది. అసలు బ్యాండు చప్పుడు చెవిన పడగానే గుర్రానికి మా కీబోర్డు ఆనలేదు. సౌలును మోసుకుని గేటు దాటి, బరాత్‌లో కలిసి, పెళ్లికొడుకు కూర్చున్న జీపు ముందు ఆటందుకుంది. వెనకాలే నేను, క్లాసంతా, భాయ్ పరుగెత్తాం.

పెళ్లిపెద్ద ఎవరో బాపును ఆపాడు. "మేం గుర్రం చెప్పలే గదనే. ఎవలు నువ్వు?"

"సౌలును. దమస్కు పోతున్న."

"అదేడున్నది?"

"గుడి ఎనుక."

ఆయన అయోమయంగా బ్యాండువాళ్లకు చెయ్యెత్తాడు. చప్పుడు ఆగింది, గుర్రం ఠక్కున నిలబడింది, బాపు పక్కకు జారి రోడ్డు మీద పడ్డాడు. అద్దాలు ఎటో ఎగిరిపోయాయి. అద్దాలు లేకుంటే ఆయనకు పక్క మనిషి కూడా కనపడడు. "ఏం కానత్తలేదు బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. దెబ్బ తగిలిందేమోనని తల తడిమి చూశాను. ఏమీ కాలేదు.

గేటు దగ్గర నుంచి సిస్టర్ గొంతు వినపడింది. "అతనిని చేయి పట్టుకొని నడిపించండి! ఇది మాత్రము గ్రంథములో ఉన్నది!"

నడిపించాం. సగం పెళ్లివాళ్లు కూడా వెంట వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. చూపు తిరిగొచ్చే ఘట్టంలో, భాయ్ రోడ్డు మీద వెతికి తెచ్చిన అద్దాలను సౌలు మీద చేతులుంచి చూపు తెప్పించే శిష్యుడు అననీయా వేషం వేసిన అమ్మాయి బాపు ముక్కు మీద పెట్టింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. సిస్టర్ అందరికంటే గట్టిగా కొట్టింది.

తర్వాతి ఆదివారం నుంచి, ఫస్టు షిఫ్టు లేని రోజుల్లో, బాపు మా వెనుక బెంచీలో కూర్చోసాగాడు. నాకు సిగ్గుగా ఉండేది, లోలోపల ఇష్టంగానూ ఉండేది. సౌలును శిష్యులు గంపలో పెట్టి, దమస్కు ప్రాకారం మీది నుంచి తాళ్లతో కిందికి దించి తప్పించిన కథ చదివినప్పుడు బాపు లేచి నిలబడ్డాడు.

"గంపైతే రాసున్నది గద సిస్టరమ్మా?"

"రాసి ఉన్నది," అంది సిస్టర్ భయంగా.

పాఠం అయ్యేసరికి బెంచీ ఖాళీ. బయటికి వచ్చి చూస్తే బాపు గుడి చుట్టూ తిరుగుతూ, ఏ గోడ ఎత్తుందో చూస్తున్నాడు.