కడప నుంచి యాభై నిమిషాలు

దయ్యాలంటే నాకు నవ్వు. ఇప్పటికీ ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి టీకి పోతాను. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

నేనుండేది బెంగళూరు హూడిలో. ఊరికీ ఊరికీ మధ్య విమానం ఎంత దూరం పోతుంది, ఎంతసేపు పడుతుంది అని లెక్కకట్టి వెబ్‌సైట్‌లో పెట్టడం నా ఉద్యోగం. ఎక్కువగా చిన్న విమానాశ్రయాలే. కడప నుంచి బెంగళూరుకు గాల్లో రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు, యాభై నిమిషాలు. అది నేను పెట్టిన లెక్కే. ఆ గర్వమే నా కొంప ముంచింది.

మా అక్క పోయి మూడేళ్లు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. పెళ్లిలో తన కూతురు లావణ్యను గంపలో నేనే మోసుకురావాలని. ఆ పిల్లకు మేనమామను నేనొక్కణ్ణే. మాటిచ్చాను.

పెళ్లి హూడిలోనే, ముహూర్తం ఉదయం పది దాటి పది నిమిషాలకు. ముందురోజు ఆఫీసు పని మీద కడప వెళ్లాల్సి వచ్చింది. రాత్రి బస్సెక్కి వచ్చెయ్యమని ఇంటిల్లిపాదీ చెప్పారు. ఏడింటి విమానమెక్కితే తొమ్మిదిన్నరకల్లా మండపంలో ఉంటానని లెక్క చెప్పి అందరి నోళ్లూ మూయించాను.

బెంగళూరు మీద పొగమంచు. విమానం ముప్పావుగంట గుండ్రంగా తిరిగి, చివరికి చెన్నైలో దిగింది. తలుపు తియ్యలేదు, మమ్మల్ని సీట్లలోనే కూర్చోబెట్టారు. బావకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. గడియారంలో పది దాటి పది నిమిషాలైంది. సిగ్గు లేకుండా ఏడ్చాను. అప్పుడే రెండు అరచేతులూ భగ్గుమన్నాయి. చూస్తే ఎర్రగా చారలు, వెదురు అల్లిక ఒత్తుకున్నట్టు.

మండపం చేరేసరికి ఒకటిన్నర దాటింది. బంతి భోజనాలు జరుగుతున్నాయి. తల దించుకుని లోపలికి పోతే బావ ఎదురొచ్చాడు.

"యాడికి పోయినావప్పా? గంప దించినోడివి మళ్లా కనపడ్లేదే! పక్కనే ఉండి అన్ని ఫోన్లు ఎందుకు చేసినావు?"

ఎగతాళి అనుకున్నాను. కాదు. తర్వాత ఫోటోలు చూశాను. గంప పట్టుకున్న మనిషి ముఖానికి పూలదండ అడ్డం పడింది. చొక్కా మాత్రం నాదే. ఆ రోజు విమానంలో నా ఒంటి మీదున్న నీలం గళ్ల చొక్కా.

అప్పగింతలప్పుడు లావణ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. "గంప ఎత్తేటప్పుడు నన్ను అమ్మణ్ణీ అన్నావు మామా. అమ్మ పోయినాక ఆ పిలుపు వినడం ఇదే" అంది.

ఆ పిల్లను అట్లా పిలిచింది మా అక్క ఒక్కతే. నేను ఏనాడూ పిలవలేదు.

చారలు మూడు రోజులకు మానిపోయాయి. చెన్నైలో ఉన్నానని లావణ్యకు ఇంతవరకూ చెప్పలేదు. ఆ బోర్డింగ్ పాస్‌ను అక్క ఫోటో వెనక దాచాను.