నిమ్మచెక్క, సుద్దముక్క

మా తెలుగు మాష్టారు పోయారని మొన్న ఫోన్ వస్తే, చెప్పినతన్ని నాలుగు ప్రశ్నలు వేశాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు, నువ్వు చూశావా, అని. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. కానీ దేన్నీ చటుక్కున నమ్మకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన ఒట్టి అనుమానం మనిషి. గొడుగు మీద మూడు చోట్ల పేరు రాసుకునేవారు. బెంజ్ సర్కిల్లో బస్సెక్కితే బోర్డు చదివి, కండక్టర్నడిగి, చాలక పక్క సీటాయన్ని కూడా అడిగేవారు. పాఠం దగ్గరా అంతే. "కవి చెప్పింది సరే, దాచిందేంటో చూడండర్రా" అనేవారు.

తొంభైల్లో మాట. గుణదలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఒకరోజు ఆయన పుస్తకంలో లేని కవిత ఒకటి బోర్డు మీద రాశారు. పని నుంచి వచ్చిన తండ్రి చేతిని ఒక పిల్ల రోజూ ముఖానికి దగ్గరగా తీసుకుంటుంది, ఆ తర్వాతే అన్నానికి కూర్చుంటుంది. అంతే కవిత. ఆ పిల్ల ఎందుకలా చేస్తుందో రాయమన్నారు. క్లాసంతా ప్రేమ అని రాసింది. నేను మాత్రం, ఆ పిల్ల నాన్నని నమ్మడం లేదు, చెయ్యి వాసన చూసి పని దొరికిందో లేదో కనిపెడుతోంది అని రాశాను.

మాష్టారు నా కాగితం రెండుసార్లు చదివారు.

"ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనేనండీ."

"ఇది నీ వయసు మాట కాదు. రేపు మీ నాన్నని తీసుకురా."

కాపీ కొట్టానన్న నింద కంటే, ఆ జవాబు నాన్న చెవిన పడుతుందన్న భయమే ఎక్కువ. ఎందుకంటే ఆ పిల్లని నేనే. కొల్లేటి పక్క నుంచి వచ్చిన మా నాన్న మార్కెట్లో చేపలు కోసేవాడు. నా పుస్తకాలకు నీచు వాసన అంటకూడదని, ఇంటికొచ్చే ముందు చేతులకు నిమ్మచెక్క రుద్దుకునేవాడు. కొన్ని రోజులు "మార్కెట్లోనే తినేశానమ్మా" అంటూ అన్నం గిన్నె నా వైపు జరిపేవాడు. నాకు అనుమానం. పుస్తకం అందుకునే వంకతో నాన్న చెయ్యి వాసన చూసేదాన్ని. నిమ్మవాసన వస్తే పని దొరికినట్టే, తినే ఉంటాడనుకుని నేను తినేదాన్ని. ఆ వాసన ఏ రోజూ తప్పలేదు.

మర్నాడు నాన్న ఉతికిన చొక్కా వేసుకొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "మా పిల్లేం తప్పు చేసిందండీ?"

మాష్టారు కుర్చీ చూపించి, ఇది పిల్ల సొంతంగా రాసిందేనా అన్న తన అనుమానం చెప్పి, నన్ను జవాబు పైకి చదవమన్నారు. చదివాను. వాసన సంగతి నీకెలా తెలుసని గుచ్చి గుచ్చి అడిగితే నిమ్మచెక్క గురించీ చెప్పేశాను.

నాన్న తన చేతుల వైపు చాలాసేపు చూసుకున్నాడు.

"అయితే ఇది పిల్లే రాసిందండీ" అన్నాడు. "పని లేని రోజున సోడా బండి దగ్గర పిండేసిన చెక్క అడిగి రుద్దుకొచ్చేవాణ్ణి. అదొక్కటే దీనికి తెలీదు."

నేను ఏడ్చేశాను. మాష్టారు లేచొచ్చి నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. క్షమించమని నోటితో అనలేదు. నా వైపు తిరిగి, "నీ జవాబు సగమే ఒప్పమ్మా" అన్నారు. "పిల్ల ఒక్కతే కాదు, తండ్రి కూడా పిల్లని కనిపెడుతున్నాడు." ఆ రోజు నుంచి నాన్న కంచంలో వడ్డించాకే నేను తిన్నాను.

మాష్టారు రిటైరయ్యాక కూడా, మొన్నమొన్నటి దాకా ఆయన్ని చూడటానికి వెళ్తూనే ఉన్నాను. ముందు ఫోన్ చేసి రావాలని ఆయన నియమం. వెళ్ళేసరికి వేళ్ళ నిండా సుద్దపొడి. "ఖాళీ ఎక్కడిదమ్మా? ట్యూషన్ పిల్లలు ఇప్పుడే వెళ్ళారు" అనేవారు. ఈ వయసులోనూ ఇంత ఓపికా అని మురిసిపోయి వచ్చేదాన్ని.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కూతురు మంచినీళ్ళిచ్చింది.

"ట్యూషన్ పిల్లలకి కబురు చేశారా అండీ?" అని అడిగాను.

"పిల్లలెవరండీ? రావడం మానేసి రెండేళ్ళయింది" అంది.

కిటికీలో కళ్ళజోడు పక్కన సుద్దముక్క ఒకటి ఉంది. తీసి చూశాను. రాసే మొన కొంచెం కూడా అరగలేదు. ఒక పక్కంతా వేళ్ళతో రుద్ది రుద్ది పల్లం పడింది.