సోములమ్మ చూసిన గదులు

విశాఖపట్నంలో యూనివర్సిటీ చుట్టుపక్కల గదులు చూడటంలో సోములమ్మను మించినవాళ్ళు పెదబయలు మండలం మొత్తంలో లేరు. చదువు చూస్తే వేలిముద్ర. బస్సెక్కితే వాంతులు. అయినా పదేళ్ళపాటు కొండమీద ఏ ఆడపిల్లకు పెద్ద చదువుకు సీటొచ్చినా, మొదటి కబురు ఆమెకే వెళ్ళేది. ఆ రోజులు తలచుకుంటే ఆమె కూతురు హేమలతకు ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది.

మొదలైంది హేమలతతోనే. 1998 జూలైలో ఆమెకు ఎమ్మెస్సీ బోటనీలో సీటొచ్చింది, హాస్టల్లో మాత్రం చోటు రాలేదు. సోమవారం నుంచి క్లాసులు. ఆలోగా గది దొరక్కపోతే ఇంటికి తిరిగిపోవడమే. ఒకసారి తిరిగిపోతే మళ్ళీ కొండ దిగనివ్వరని ఆమెకు తెలుసు. తండ్రి గాసి అప్పటికే "డిగ్రీ సదివేవు, సాల్దా?" అంటున్నాడు.

తల్లీకూతుళ్ళు శుక్రవారం బస్సు దిగి, టులెట్ బోర్డున్న గుమ్మమల్లా ఎక్కారు. ఒకాయన ఊరి పేరు అడిగి, "ఏజెన్సీవాళ్ళా?" అని బోర్డు తీసి లోపల పెట్టేసుకున్నాడు. ఇంకోచోట ఇంటావిడ ఇస్తానంది గానీ సోములమ్మకే నచ్చలేదు. "కిటికీ ఏదమ్మా? ఇందులో మనుసులుంటారా, పనసకాయలు మగ్గెడతారా?" అని ఆవిడ ముఖం మీదే అడిగింది. మూడోచోట కుళాయి తిప్పి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, మారుమాట లేకుండా నడిచింది. హేమలత సిగ్గుతో చచ్చిపోయింది.

శనివారం సాయంత్రానికి పెదవాల్తేరులో దెబోరా టీచరు మేడమీద గది కనబడింది. రిటైరైన మనిషి, ఒక్కతే ఉంటుంది. గదికి రెండు కిటికీలు. ఒకదాంట్లోంచి యూనివర్సిటీ చెట్లు కనిపించాయి. హేమలతకు ప్రాణం లేచొచ్చింది. సోములమ్మ కూడా గోడలు తట్టి చూసి తలూపింది. తలూపి ఊరుకుంటే బాగుండేది. కొంగుముడి విప్పి మూడు బియ్యపు గింజలు తీసింది.

కొండమీద ఇల్లు కట్టబోయే ముందు చేసే పనే అది. గింజలు మూడూ నేలమీద పక్కపక్కన పెట్టి ఆకు బోర్లించాలి. తెల్లారి చూసినప్పుడు కదలకుండా ఉంటే నేల ఒప్పుకున్నట్టు. చెదిరితే అక్కడ కాపురం పెట్టకూడదు, మనిషికి కీడు. మేడమీద, మొజాయిక్ గచ్చుమీద ఈ తంతు ఏమిటని హేమలత తల పట్టుకుంది. దెబోరా టీచరు మాత్రం ఏమీ అనకుండా, పొద్దున్నే చూసుకోండమ్మా అని కింది వరండాలో చాప పరిచింది.

ఆదివారం తెల్లవారుతూనే హేమలత తల్లికంటే ముందు మేడెక్కింది. ఆకెత్తి చూస్తే ఒక్క గింజా లేదు. గోడవారగా చీమల బారు. పిల్ల గబగబా కిందికి దిగి, వంటమూటలోంచి చిటికెడు బియ్యం తెచ్చి ఆకు కింద పెట్టేసింది. ఎమ్మెస్సీకి వచ్చిన పిల్లే గానీ, ఆ కంగారులో ఎన్ని గింజలో చూసుకోలేదు.

సోములమ్మ వచ్చి ఆకెత్తింది. వంగి చూసింది.

"నిన్న మూడెట్టేను. ఇయ్యాల ఐదున్నాయేటి? పిల్లల్ని పెట్టాయా?"

హేమలత బావురుమంది. "సీమలు ఎత్తుకుపోనాయమ్మా. దానికి నేలేటి సేత్తాది? ఈ గది పోతే నా సదువు పోతాది."

తిడుతుందనుకుంది. సోములమ్మ తిట్టలేదు. గచ్చుమీద కూలబడి, కిటికీలోంచి ఆ చెట్లకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత కిందికెళ్ళి, "టీచరమ్మా, గది మేం తీసుకుంటాం" అని చెప్పి వచ్చింది.

"తొమ్మిది రోజులు నువ్వు కింద టీచరమ్మ కాడ తొంగో. ఈడ నేనుంటాను. కీడేటన్నా ఉంటే నామీద పడి పోతాది. అప్పుడు గది నీది."

జూలై అంటే కొండమీద చోళ్ళకు కలుపు తీసే కాలం. ఆ ఏడు చేనంతా గడ్డి పాలైంది. అయినా ఆమె కదల్లేదు. దెబోరా టీచరు రోజూ ప్రార్థనలో పైగదిలో ఉన్నావిడను కూడా తలచుకునేది. హేమలతకు మాత్రం ఇదంతా వట్టి చాదస్తంగా కనిపించింది. మా అమ్మకు కలుపు తప్పించుకోవడానికి మంచి సాకు దొరికిందని కొత్త స్నేహితురాళ్ళ దగ్గర నవ్వింది. పదోనాడు సోములమ్మ కులాసాగా మెట్లు దిగి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

గది కలిసొచ్చింది. హేమలత పాసై అరకులో లెక్చరరైంది. ఇంకేముంది, ఏటా జూలైలో ఎవరో ఒక తల్లి వచ్చి "మా గుంటకీ నువ్వే సూడాల" అనేది. మద్దిలపాలెం, చినవాల్తేరు, ఎంవీపీ కాలనీ, అన్నీ తిరిగింది. చూస్తూండగానే మేడగదులు పోయి అపార్టుమెంట్లు లేచాయి. లిఫ్టంటే భయమని నాలుగంతస్తులూ నడిచే ఎక్కేది. ఏ అంతస్తైనా చీమలు చీమలే. గింజలు పోతే తొమ్మిది రోజులు ఉండి వచ్చేది. వచ్చాక వాచ్‌మన్ ఎలా గుర్రు పెడతాడో చేసి చూపిస్తే ఇల్లంతా నవ్వేది. "మా అమ్మకి సముద్రం గాలి అలవాటైపోనాది" అని హేమలత ఏడిపించేది. ఎంత మంచి రోజులవి!

2008లో పక్క ఊరి సోనికి సీటొచ్చింది. సోములమ్మ మోకాళ్ళ నొప్పులతోనే బయల్దేరింది. సెలవు పెట్టి వచ్చిన హేమలత, బస్సు కదిలాక తండ్రితో నవ్వుతూ, "సీమలకి బియ్యం మేపడానికి అంత బేగి ఎల్లాలా?" అంది.

గాసి నవ్వలేదు.

"నవ్వకే. ఎల్లే పెతీసారీ ఆవులెవరికి, కడియాలెవరికి అని నాకు అప్పసెప్పే ఎల్తాది. తిరిగొత్తానని దానికి ఏనాడూ నమ్మకం నేదు."

హేమలత బస్సు పోయిన దారికేసి చూసింది.

"నీ గదిలో ఉన్నప్పుడైతే బస్సు డ్రైవరు సేత కబురెట్టింది," అన్నాడు గాసి. "నాకేటన్నా అయితే గుంటని సదువు మానిపించొద్దు, ఆ గది ఖాళీ సేయించొద్దు, ఇంక అందులో కీడుండదు అని."