రోలాండ్ కార్డు మీద దొంగ ముద్ర

మా అమ్మమ్మ ఒడీల్ దేశం నడుమ ఓవెర్న్ కొండల్లో తుమ్మిందంటే, ఈ ఉత్తరపు కొసన మా సెంతోమేర్ కాలవల మధ్య మడుల్లో కాలీఫ్లవర్ కోస్తున్నవాళ్ళు తలెత్తి "నూరేళ్ళు" అనాల్సిందే. అనకపోతే మళ్ళీ తుమ్ముతుంది. ఫోన్లు కనిపెట్టింది దూరం నుంచి మాట్లాడుకోవడానికి కాదు, మా అమ్మమ్మ గొంతును కాస్త తగ్గించి వినడానికేనని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఆ గొంతుకు తగిన ఉద్యోగమే దొరికింది ఆవిడకు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం సైకిలు మీద ఉత్తరాలు పంచింది. పోస్టుకార్డు మీద రాసింది పోస్టువాళ్ళు చదవకపోతే రాసినవాళ్ళకే అవమానమని ఆవిడ సిద్ధాంతం. గేటు బయట సైకిలు ఆపీ ఆపకుండానే "మీ చెల్లెలికి నీస్‌లో ఎండ బాగుందట, మొగుడితో మాత్రం బాగాలేదట!" అని కేకేసి, ఆ తర్వాత కార్డు చేతికిచ్చేది. ఎవరూ కోప్పడలేదు. కళ్ళజోడు వెతుక్కునే పని తప్పిందనుకునేవారు.

ఆవిడ స్నేహితురాలు రోలాండ్. ఇద్దరూ ఒక బడిలో చదివారు, ఒక క్లబ్బులో సైకిలు తొక్కారు. ఒడీల్ పది మాటలాడితే రోలాండ్ ఒకటి మాట్లాడుతుంది. అది కూడా "కాదు" అని. రోలాండ్‌వి కాలవల మధ్య కాలీఫ్లవర్ మడులు. చేతులు పారల్లా ఉంటాయి, కాళ్ళు అంతకంటే గట్టివి. దారిలో ముందుండి ఎదురుగాలి కోసే పని రోలాండ్‌ది, వెనక నోరాడించే పని ఒడీల్‌ది. ఈ పంపకం మీద ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు.

మా సైకిలు మనుషులకు ఒక పిచ్చి ఉంది. దేశంలో ప్రతి జిల్లాకూ చూడదగ్గ చోట్లు కొన్ని రాసిపెట్టి ఉంటాయి. సైకిలు తొక్కుకుంటూ అక్కడికి చేరి, ఆ ఊరి రొట్టెల కొట్లోనో కాఫీ హోటల్లోనో కార్డు మీద రబ్బరు ముద్ర వేయించుకోవాలి. కారులో పోయి వేయించుకున్నా పట్టుకునేవాడు లేడు. పట్టుకునేవాడు లేడు కాబట్టే ఎవరూ అలా చెయ్యరు. ఒడీల్, రోలాండ్ పెళ్ళిళ్ళు కాకముందు మొదలుపెట్టి, ప్రతి వేసవీ ఒకచోట బస చేసి, ముద్ర వెనక ముద్ర పోగేశారు. వానకు అలుక్కుపోయిన ముద్రలున్నాయి వాటిలో. మధ్యాహ్నం భోజనాలవేళ ఊరంతా తలుపులు బిగించుకుంటే శవపేటికలు చేసేవాడి దగ్గర వేయించుకున్నది ఒకటుంది. చివరికి ఇద్దరికీ ఒక్కటే మిగిలింది. ఓవెర్న్‌లో లా షెవ్రెట్ కనుమ.

జూన్‌లో క్లబ్బుతో కలిసి వెళ్ళడానికి అన్నీ కుదిరాక, వసంతంలో రోలాండ్ కాలీఫ్లవర్ గంపతో పడవ దిగుతూ జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ ఏడాదికి సైకిలు మాటెత్తవద్దన్నాడు డాక్టరు.

"నువ్వు వెళ్ళు," అంది రోలాండ్, కిటికీలోంచి బాతుల్ని చూస్తూ.

"నిజంగానే అంటున్నావా?"

"వెళ్ళమన్నానుగా."

ఒడీల్‌కు సందేహాలు ఎక్కువసేపు నిలవవు. వెళ్ళమంది, వెళ్దాం. కానీ ఒట్టి చేతులతో వెళ్ళడమెందుకు? తన వంటింట్లో మరొకరు కాఫీ పెడితే రోలాండ్ సహించదు. అందుకని ఆవిడ కర్రలు టకటకలాడించుకుంటూ చికోరీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. ఇక్కడ ఒడీల్ బీరువా సొరుగులోంచి స్నేహితురాలి కార్డు తీసి జాకెట్లో దోపుకుంది. మంచిపని చేస్తున్నాననే నమ్మకంతో మొహం ఎంత వెలిగిపోయిందంటే, కాఫీ తెచ్చిన రోలాండ్ "ఏమిటా ఇకిలింపు?" అని అడిగింది కూడా.

ప్రయాణం రోజు మా తాతయ్య లూసియన్ తన పందెం పావురాల గూటి దగ్గర నిలబడి సలహా ఇచ్చాడు. "ఆ ఫోనెందుకే? నా పావురాన్నొకదాన్ని పట్టుకెళ్ళు. వదలగానే ఇంటికొస్తుంది. నీలా కాదు."

"ఎదురు మాట్లాడదు కదా, అందుకే దాన్ని ప్రేమిస్తున్నావు," అంది ఒడీల్, సైకిలును క్లబ్బు వ్యానుకెక్కిస్తూ.

బసచేసిన ఊళ్ళో ఫోను అందేది చర్చి గోడ పక్కన ఒక్కచోటే. సాయంత్రం భోజనానికి ముందు క్లబ్బువాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఆ గోడకు వరసగా ఆనుకుని, ఎవరి ఇళ్ళతో వాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఒడీల్ మొదలుపెట్టగానే మిగతావాళ్ళు తమ మాటలు తమకే వినిపించక ఆపేసేవాళ్ళు.

"రోలాండ్! ఇవాళ్టి కొండ ఎక్కుడు నువ్వు చూడాల్సిందే! గుండె నోట్లోకొచ్చిందనుకో!"

"ఊఁ."

"పైగా ఎదురుగాలి! ముందు నువ్వు లేవు కదా, ఆ నోఎల్ గాడి వెనక దాక్కుందామంటే వాడు చీపురుపుల్ల. గాలంతా నా మీదికే!"

నోఎల్ క్లబ్బు అధ్యక్షుడు. రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఏ గేరు మీద ఎక్కావు?" అంది రోలాండ్.

"అన్నిటికన్నా చిన్నదాని మీద."

"ఎక్కుడు రాకముందే మార్చావా, మధ్యలోనా?"

"మధ్యలో."

"అదే మరి. గొలుసు తెంపుకుంటావు. ఎన్నిసార్లు చెప్పాను?"

ఫోను పెట్టేశాక ఒడీల్ గోడంతా వినేలా ప్రకటించింది. "చూశారా, నాలుగు మాటలు మాట్లాడింది! తుంటి విరిగాక ఇన్ని మాటలు ఇవాళే!" ప్రతి సాయంత్రం అలాగే ఎక్కుళ్ళూ గాలులూ వర్ణించి చెప్పేది. అవతల కుర్చీలో కాలు చాపుకు కూర్చున్న మనిషికి ఆ వర్ణనలు మందో కారమో ఆలోచించలేదు.

లా షెవ్రెట్ ఎక్కిన రోజు ఎండ దంచేసింది. కొస మలుపుల దగ్గర దారి నిచ్చెనలా నిటారుగా లేచింది. నోఎల్‌తో సహా సగంమంది దిగి నడిచారు. ఒడీల్ దిగలేదు. పైన ఉన్న రాతి కాఫీ హోటల్లోకి ఆయాసపడుతూనే వెళ్ళి, బల్ల మీద రెండు కార్డులు పెట్టింది.

హోటలాయన పేరు అల్బాన్. రెండో కార్డు మీద పేరు చూసి, "ఈ మదాం ఎక్కడ?" అన్నాడు.

"వస్తోంది," అంది ఒడీల్.

ఆయన తలుపు వైపు చూడలేదు. ఇలాంటి విషయంలో అబద్ధమాడే మనిషి ఉంటుందని ఆయనకు తట్టనే లేదు. ఠప్ ఠప్‌మని రెండు ముద్రలు వేశాడు. కొండ మీద ఫోను చక్కగా అందుతోంది. ఒడీల్ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, ఊళ్ళో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఉన్న క్లబ్బు గ్రూపులో పెట్టింది. కింద, "ఇద్దరం ముగించాం! రోలాండ్, జేజేలు!" అని రాసింది.

ఒకరిద్దరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదు. కాసేపటికి ఒక ముక్క వచ్చింది: రోలాండ్ గ్రూపు విడిచి వెళ్ళారు.

ఆ సాయంత్రం గోడ దగ్గర ఒడీల్ ఎన్నిసార్లు మోగించినా రోలాండ్ ఫోను ఎత్తలేదు. భోజనాల బల్ల మీద బంగాళదుంపల్లో చీజు తీగల్లా సాగుతోంది కానీ మాటలు సాగడం లేదు. చివరికి నోఎల్ రొట్టె తుంచుకుంటూ, "రోలాండ్ పైకి ఎప్పుడొచ్చింది ఒడీల్? నేను చూడనేలేదే," అన్నాడు. చీపురుపుల్ల బాకీ ఆ విధంగా తీర్చుకున్నాడు.

మర్నాడు సాయంత్రం గోడ దగ్గరుండగా తాతయ్యే ఫోను చేశాడు. "ఏం చేశావే? రోలాండ్ పొద్దున మన గేటు ముందునుంచి వెళ్తూ నాకు బోంజూర్ చెప్పలేదు!"

"కర్రల మీద ధ్యాసేమో."

"నా మొహంలోకి చూసి మరీ చెప్పలేదు!"

మా ఊళ్ళో కోర్టుకెక్కిన అన్నదమ్ములు కూడా ఎదురుపడితే బోంజూర్ అని పలకరించడం మానరు. ఒడీల్ గోడకు ఆనుకున్నదల్లా నిటారుగా నిలబడింది. "లూసియన్, నీ ఫోను తీసుకుని వాళ్ళింటికి నడు. తలుపు తీస్తే చేతిలో పెట్టు. తియ్యకపోతే కిటికీలోంచి పెట్టు."

తాతయ్య గొణుక్కుంటూ వెళ్ళాడు. తలుపు చప్పుడు, ఏవో గుసగుసలు, ఆ తర్వాత రోలాండ్ గొంతు.

"ఏం?"

"కోపమొచ్చిందా?"

"లేదు. ఆ కార్డు పంపించు. పొయ్యిలో పెడతాను."

"ఏమే, నీకోసమే కదా చేశాను! ఒక్కటి మిగిలిపోయిందని నువ్వే కదా కుమిలిపోతున్నావు!"

"మిగలనీ! అది మిగిలింది కాబట్టే పొద్దున్నే ఈ కర్రలేసుకుని కాలవగట్టున దేకుతున్నాను. డాక్టరు మొహం చూసి దేకుతున్నాననుకున్నావా? ఆ కొండ కోసం. నువ్వెళ్ళి దాన్ని అవగొట్టేశావు. పైగా ఊరందరికీ చాటావు."

ఒడీల్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నేనింక ఎక్కలేననుకున్నావు. అవునా కాదా?"

కాదని ఉంటే ఆ రోజుకు గడిచిపోయేది. కానీ అల్బాన్‌తో ఆడిన అబద్ధమే చాలనిపించింది.

"అనుకున్నాను," అంది ఒడీల్.

"అదీ సంగతి," అని రోలాండ్ ఫోను తాతయ్యకు ఇచ్చేసింది.

తెల్లవారి క్లబ్బంతా చీజు గిడ్డంగి చూడ్డానికి బయల్దేరింది. ఒడీల్ మాత్రం సైకిలు తీసి కొండదారి పట్టింది. ముందు గాలి కోసేవాళ్ళు లేరు, వెనక వినేవాళ్ళు లేరు. అయినా ఏడుపుమొహం పెట్టలేదు. తప్పు తనది, కాళ్ళు తనవి, ఇంకేం కావాలి? ఎక్కుడు రాకముందే గేరు మార్చింది. మొన్నటికంటే మెల్లగా, ఒకే లెక్కన తొక్కి, మధ్యలో ఎక్కడా దిగకుండా పైకి చేరింది.

అల్బాన్ బల్లలు తుడుస్తున్నాడు. "మళ్ళీ వచ్చారే మదాం! మీ స్నేహితురాలు చేరుకున్నారా ఇప్పటికైనా?"

"లేదు. ఆవిడ సెంతోమేర్‌లో ఉంది, తుంటి విరిగి. మొన్న మీకు అబద్ధం చెప్పాను." కార్డు ఆయన ముందు పెట్టింది. "ఈ ముద్ర మీద గీత గీసి కొట్టెయ్యండి. మీ చేత్తోనే."

అల్బాన్ గుడ్డ పక్కన పడేశాడు. ఆయన మొహం కాస్త బిగిసింది. కలం తీసి ముద్రకు అడ్డంగా గీత గీసి, "చెల్లదు" అని రాసి సంతకం పెట్టాడు.

"ఇది కూడా," అని ఒడీల్ తన కార్డు జరిపింది.

"ఇది మీదే కదా! మీరు ఎక్కారు. నా కళ్ళతో చూశాను."

"ఇవాళ కూడా చూశారు. రెండుసార్లు ఎక్కాను. అయినా కొట్టెయ్యండి."

"ఎందుకండీ?"

"మొదలుపెట్టింది ఇద్దరం."

అల్బాన్ రెండోదాని మీదా గీత గీశాడు. ఆ తర్వాత అడక్కుండానే కొండ మొక్కల వేళ్ళతో కాచిన చేదు మందు ఒక చిన్న గ్లాసులో పోసి పెట్టాడు. ఒడీల్ ఒక్క గుక్కలో తాగేసింది.

"ఇంకో సాయం చెయ్యాలి. నేను చేస్తే ఆవిడ ఎత్తదు. మీ ఫోను నుంచి చెయ్యండి."

అల్బాన్ నంబరు నొక్కాడు. ఆస్పత్రి నుంచేమోనని కాబోలు, రోలాండ్ వెంటనే ఎత్తింది.

"మదాం రోలాండ్ గారా? లా షెవ్రెట్ కనుమ మీద కాఫీ హోటలు నాది. మీ కార్డు మీద ముద్ర చెల్లదని గీత కొట్టేశాను, ఆ మాట చెప్దామని చేశాను."

"ఎవరు కొట్టెయ్యమన్నారు?"

"మీ స్నేహితురాలు. మళ్ళీ కొండెక్కి వచ్చి మరీ చెప్పారు. తన ముద్ర కూడా కొట్టేయించుకున్నారు."

అవతల కుర్చీ కిర్రుమంది, కర్రలు టకటకమన్నాయి.

"దానికివ్వండి," అంది రోలాండ్.

ఒడీల్ ఫోను అందుకుంది.

"నీది ఎందుకు కొట్టేయించావే? మతి పోయిందా?"

"నేనొక్కదాన్నే ముగిస్తే వచ్చే ఏడాది ఎవరి వెనక దాక్కోను? నోఎల్ వెనకా?"

అవతలనుంచి ముక్కుతో ఊదినట్టు ఒక చప్పుడొచ్చింది. రోలాండ్ నవ్వడమంటే అదే.

"గేరు ఎప్పుడు మార్చావు?"

"ఎక్కుడు రాకముందే."

"ఇన్నేళ్ళకు! కొస మలుపు ఎలా ఉంది?"

"చెప్పను. వచ్చి చూసుకో."

"దొంగమొహమా," అంది రోలాండ్. "ఆ హోటలాయన్ని అడుగు, వచ్చే జూన్‌లో తెరిచి ఉంటాడా అని."

అడగక్కర్లేకపోయింది. ఒడీల్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా లోకానికంతా వినిపిస్తుంది. అల్బాన్ బల్ల అవతలి నుంచే "ఉంటాను మదాం!" అని అరిచాడు.

ఇప్పుడు రోలాండ్ ఒక కర్రతోనే నడుస్తోంది. రోజూ పొద్దున వాళ్ళిద్దరూ కాలవగట్టున చివరి వంతెన దాకా పోయి వస్తారు. రోలాండ్ ముందు, మా అమ్మమ్మ వెనక. ఆవిడ చెప్పే కబుర్లకు బాతులు నీళ్ళలోకి దూకుతాయి. ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించి, "ఒకవేళ జూన్‌కి కూడా రోలాండ్ తుంటి ఒప్పుకోకపోతేనో?" అని అడిగాను.

"సెప్టెంబర్లో ఎక్కుతాం. తొక్కేది నువ్వా ఏమన్నా? నోర్మూసుకుని ఆ దుంపలు చెక్కు తియ్యి," అంది.