తొట్టి తీసేసిన మోటారు సైకిలు

శకుంతలకు చిన్నతనంలో వచ్చిన జ్వరంతో ఎడమకాలు చచ్చుబడింది. ఇంట్లో కర్ర సాయంతో తిరిగేది గానీ బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. పుట్టిల్లు రేపల్లె. ఎడ్లబండి మీద పుట్టింటికి వెళ్ళి వస్తే వారం రోజులు నడుం పట్టేసేది. 1964లో ఆమె భర్త వెంకటకృష్ణయ్య మిలిటరీ వేలంలో ఓ పాత మోటారు సైకిలు పాడుకుని తమ ఊరు కొల్లిపరకు తెచ్చింది ఆమె కోసమే.

తెనాలిలో వెల్డింగు షాపు నడిపే మీరా మొహిద్దీన్ దానికి పక్కన ఓ తొట్టి కట్టాడు. రేకుతో పడవ ఆకారం, కింద ఒక చక్రం, లోపల బూరుగు దూది మెత్త. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా శకుంతల ఎక్కడానికి వీలుగా చిన్న తలుపు కూడా పెట్టాడు.

"పెళ్ళాన్ని తొట్లో కూచోబెట్టి ఊరేగిస్తన్నాడు" అని ఊళ్ళో నవ్వుకున్నారు. ఆ మాట శకుంతల చెవిన పడినా ఆమె పట్టించుకోలేదు. తలకు రుమాలు బిగించి రేపల్లె వెళ్ళేది, తెనాలిలో సినిమాకు వెళ్ళేది. చలికాలంలో కర్లపాలెం, బాపట్ల మీదుగా సూర్యలంక. అక్కడ చేపలు పట్టే పల్లెకారులు నలుగురు చెయ్యి వేస్తే బండి పొడి ఇసుక దాటి, అలలు వచ్చి తగిలేచోట ఆగేది. తలుపు తీసుకుని కాళ్ళు రెండూ నీళ్ళలో పెట్టుకుని కూర్చునేది శకుంతల. చేపలమ్మే మాణిక్యమ్మ వచ్చి పక్కన చతికిలబడి కబుర్లు చెప్పేది.

1971లో మోటారు సైకిళ్ళ సరదా ఉన్నవాళ్ళు కొందరు సూర్యలంకలో కలుసుకుందామనుకున్నారు. ఎవరి బండి వాళ్ళు ముస్తాబు చేసుకొస్తే వరసగా నిలబెట్టి, బాగున్నదానికి కప్పు ఇస్తారు. ఆ సంగతి మోసుకొచ్చినవాడు తెనాలి స్నేహితుడు సాంబశివరావు.

"నీ బండి లాంటిది జిల్లాలో లేదు బావా. కానీ ఆ తొట్టితో తెచ్చావంటే నవ్వుతారు. తీసేసి తీసుకురా."

వెంకటకృష్ణయ్య మనసులో అది నాటుకుంది. ఇన్నేళ్ళూ జనం తన బండిని చూసి నవ్వారే గానీ, బాగుందన్నవాడు లేడు. బండిని మొహిద్దీన్ షాపుకు తీసుకెళ్ళాడు. టాంకుకు ఎర్రరంగు, గొట్టాలకు నికెల్ పాలిష్, ఎత్తయిన హాండిలు కావాలన్నాడు. తొట్టి తీసేశాక, దాన్ని బిగించడానికి చట్రానికి బయటికి పొడుచుకొచ్చిన ఇనప చెవులు వికారంగా కనిపించాయి.

"ఇవి కూడా కోసెయ్యి సాయిబూ."

మొహిద్దీన్ పని ఆపాడు. "కోస్తే తొట్టి మళ్ళీ నిలవదండి. పాత ఇనుము, అతుకు పట్టదు. అమ్మగారిని ఒక మాట అడిగారా?"

"దానికి నేను చెప్పుకుంటాలే. కొయ్యి."

ఇంటికి వెళ్ళి శకుంతలతో, "ఈ ఒక్కసారికి తొట్టి తీయించాను" అన్నాడు. చెవులు కోయించిన సంగతి చెప్పలేదు. "పోనీలెండి. తర్వాత పెట్టించుకుందాం" అందామె.

సూర్యలంకలో బళ్ళన్నీ సరుగుడు తోపు నీడన నిలబెట్టారు. వెంకటకృష్ణయ్య ఎర్ర బండి చుట్టూ జనం మూగారు. కుర్రాళ్ళు గొట్టాల్లో మొహాలు చూసుకున్నారు. ఫొటో తీశారు, కప్పు చేతిలో పెట్టారు. సాంబశివరావు భుజం తట్టాడు. అంతలో చేపల గంపతో మాణిక్యమ్మ వచ్చింది. బండిని అటూ ఇటూ చూసింది.

"అక్క ఏదండీ? ఈసారి తీసుకురాలేదే?"

"వీలుపడలేదు" అన్నాడు. ఆ తర్వాత ఎవరు పొగిడినా అతనికి తలకెక్కలేదు.

ఇంటికొచ్చి కప్పు చూపిస్తే శకుంతల చేతిలోకి తీసుకుని, "బాగుంది" అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "సముద్రం ఎలా ఉందండీ ఇవాళ? పోటు మీద ఉందా?" అని అడిగింది.

 సరుగుడు తోపు దాటి వెంకటకృష్ణయ్య ముందుకు వెళ్ళనే లేదు.

మర్నాడే మొహిద్దీన్ దగ్గరికి పరిగెత్తాడు. పట్టదని తెలిసీ మొహిద్దీన్ కొత్త చెవులు అతికి తొట్టి బిగించాడు. ముందు ఇంటి ముందే నడిపి చూద్దామని తొట్టిలో ధాన్యం బస్తా వేశారు. శకుంతల అరుగు మీద కూర్చుని చూస్తోంది. మలుపు దగ్గర అతుకు ఊడింది. తొట్టి బోర్లాపడి బస్తా కాలవగట్టు దాకా దొర్లింది.

"వద్దులెండి. ఎందుకొచ్చిన శ్రమ" అంది శకుంతల. అప్పుడు కూడా ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాడతను.

ఆపైన ఆమె రేపల్లె వెళ్ళడం తగ్గిపోయింది. సినిమాల ఊసు ఎత్తడం మానేసింది. బండి మీద ఒంటరిగా వెళ్తుంటే వెంకటకృష్ణయ్యకు ఎడమపక్క ఎప్పుడూ ఖాళీగా తోచేది. చివరికి దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

1976లో తెనాలి నుంచి టాక్సీ మాట్లాడి ఆమెను సూర్యలంక తీసుకెళ్ళాడు. ఇసుక మొదలైనచోట డ్రైవరు కారు ఆపేశాడు. ముందుకెళ్తే చక్రాలు కూరుకుపోతాయన్నాడు.

"ఎత్తుకెళ్తాను, రా" అన్నాడు వెంకటకృష్ణయ్య.

శకుంతల చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. "ఇంతమందిలో ఏం బాగుంటుందండీ? ఇక్కడికి గాలి తగులుతోందిగా" అని కారు అద్దం పూర్తిగా దించుకుంది.

సరుగుడు చెట్ల అవతల నీళ్ళు కనపడటం లేదు, హోరు మాత్రం వినిపిస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. వెంకటకృష్ణయ్య తలుపు పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాడు. తానొక్కడే వెళ్ళి చూసిరావడానికి అతనికి కాలు కదలలేదు.