పచ్చిపాలు వద్దన్న బాలన్న

గల్ఫ్ యుద్ధం ఆగిన ఏడాది సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా పొగ వల్లేనని తేల్చేసేవారు. సరిహద్దు అవతల కువైట్ చమురు బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. కొన్ని రోజులు మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని బండి నడపాల్సి వచ్చేది. ఆరేసిన బట్టల మీద నల్లటి జిడ్డు పేరుకునేది. ఎడారిలో తెల్ల మేకలు కూడా మసి పూసుకున్నట్టు తిరిగేవి.

ఆ ఎడారిలోకి నీళ్ల ట్యాంకర్ తోలే డ్రైవరు బాలన్న. కోరుట్ల పక్క పల్లె మనిషి. నేను అదే కంపెనీ గ్యారేజీలో మెకానిక్కును, ఇద్దరిదీ ఒకే గది. యుద్ధంలో ఊరు ఖాళీ చేయించినప్పుడు మేమంతా దమ్మాం వెళ్లిపోయాం. ఫిరంగుల మోత ఆగగానే తిరిగొచ్చిన మొదటి డ్రైవర్లలో బాలన్న ఒకడు. మందలకు నీళ్లెవరు పోస్తారన్నదే అతని బెంగ.

ఊరి బయట దూరదూరంగా అరబ్బుల గుడారాలు, వాటి వెనక గొర్రెలు, మేకలు ఉండేవి. వాటిని కాసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మేస్త్రీ పని అని వీసా తీసుకుని, విమానం దిగాక మందల దగ్గర తేలినవాళ్లు. వారానికొకసారి వచ్చే బాలన్న నోటే వాళ్లకు తెలుగు వినబడేది. అతను ట్యాంకర్‌లో నీళ్లతో పాటు ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, రేడియోకు బ్యాటరీలు పట్టుకెళ్లేవాడు. నీళ్లు తొట్టిలోకి దిగేదాకా వాళ్ల పక్కనే కూర్చుని చెప్పిందంతా వినేవాడు.

అలా పరిచయమైనవాడే ఆర్మూరు వైపు పీరయ్య. అబూ నాయెఫ్ అనే ఆసామి మేకలు కాసేవాడు. ఆ ఎండాకాలం పీరయ్యకు జ్వరం పట్టుకుంది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి చెమటలు పట్టి దిగిపోయేది. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. నడుము పట్టేసి నీళ్ల పైపు కూడా ఎత్తలేకపోయేవాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, అబూ నాయెఫ్ చెడ్డవాడు కాదు. జ్వరం బిళ్లలు తెచ్చిచ్చి, పొగ పోతే జ్వరమూ పోతుందని చెప్పాడు.

ఒక వారం బాలన్న వెళ్లేసరికి పీరయ్య రేకుల నీడలో పడుకుని ఉన్నాడు. మేకలు ఖాళీ తొట్టి చుట్టూ చేరి అరుస్తున్నాయి.

“అన్నా, అవి నన్ను జూసే ఒర్రుతున్నయ్. లేద్దామంటె నడుము లేస్తలేదు,” అన్నాడు పీరయ్య. ఆ మాట అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాలన్న ముందు తొట్టి నింపాడు. తర్వాత పీరయ్యను లేపి బండి దగ్గరికి నడిపించాడు.

“కఫీల్ ఊర్ల లేడే. చెప్పకుండ పోతే నేను పారిపోయిన్నని కేసు వెడ్తడు. నీ మీదికి గూడ వస్తది,” అన్నాడు పీరయ్య.

“ఆయనకు నేను చెప్పుకుంట. నువ్వెక్కు.”

గుడారంలో ఉన్న కఫీల్ వాళ్ల అన్నకు సంగతి చెప్పి, మందను చూడమని బతిమాలి, బాలన్న పీరయ్యను ఊళ్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ నర్సు రూబీ, నరసాపురం అమ్మాయి. రక్తం పరీక్ష చూసి డాక్టరు మాల్టా జ్వరమన్నాడు. అదేమిటో రూబీ తెలుగులో వివరించింది.

“ఇది పొగ వల్ల వచ్చింది కాదండీ. మేకల దగ్గర్నుంచి వచ్చే జ్వరం. పాలు కాచుకునే తాగుతున్నావా బాబూ?”

“లేదు సిస్టరమ్మా. పిండినయ్ పిండినట్టె తాగుత. రొట్టె, పాలు, గదే నా తిండి.”

మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోతున్నాయా అని అడిగింది. చానా ఈసుకుపోయాయని, చచ్చిన పిల్లలను తానే వట్టి చేతులతో లాగి పూడ్చానని పీరయ్య చెప్పాడు. ఆమె తల ఊపి మరో ప్రశ్న వేసింది.

“ఆ పాలు ఇంకెవరెవరు తాగుతున్నారండీ?”

బాలన్నకు అబూ నాయెఫ్ చిన్నకూతురు హెస్సా గుర్తొచ్చింది. ట్యాంకర్ చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చే పిల్ల ఈ మధ్య గుడారం దాటి రావడం లేదు. కాలు నొప్పి అన్నారు.

కఫీల్ తిరిగొచ్చిన రోజు బాలన్న ఒక్కడే వెళ్లాడు. ఆ ఇంట్లో అతిథికి ముందుగా ఇచ్చేది గిన్నెడు పాలు. బాలన్న గిన్నె అందుకుని, తాగకుండా పొయ్యి మీద పెట్టాడు. తనకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలో, నర్సు చెప్పిన ప్రకారం, పీరయ్య జబ్బు గురించి, పాల గురించి, పాప కాలు గురించి చెప్పాడు. అబూ నాయెఫ్ ముఖం ఎర్రబడింది. తాతల నాటి నుంచి తాగుతున్న పాలకు పరాయివాడు వచ్చి వంక పెట్టడం, పైగా తన మనిషిని తనకు చెప్పకుండా తీసుకెళ్లడం. గిన్నె తీసి పాలు ఇసుకలో పారబోశాడు. ఇకమీదట ఈ గడపకు రావద్దన్నాడు.

బాలన్న గదికి వచ్చి ఆ సాయంత్రం జరిగింది నాకు చెప్పాడు. మర్నాడు ఆ మందకు ఇంకో డ్రైవరుతో నీళ్లు పంపే ఏర్పాటు చేశాడు. మనుషుల కోపానికి మేకలు ఎండిపోవద్దని అతని లెక్క. పీరయ్య మా గదిలోనే ఉన్నాడు. నెలన్నర పాటు మందులు మానకూడదన్నారు. కేసు పెడతారేమోనని తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేవాడు. బాలన్న రోజూ పొద్దున్నే అతన్ని సూదికి తీసుకెళ్లి, ఆ తర్వాతే ట్యాంకర్ ఎక్కేవాడు.

కేసు పడలేదు. కొన్నాళ్లకు నీళ్లు నింపుకునే చోటికి అబూ నాయెఫ్ పికప్ వచ్చి ఆగింది. ముందు సీట్లో హెస్సా ఉంది. మోకాలు వాచింది, ముఖం పీక్కుపోయింది. అతను దిగి, బాలన్న వైపు సరిగా చూడకుండానే, ఆ నర్సు ఎక్కడుంటుందని అడిగాడు. బాలన్న ట్యాంకర్‌ను అక్కడే వదిలేసి వాళ్లతో వెళ్లాడు.

పాపకూ అదే జ్వరం. పరీక్ష చేస్తే అబూ నాయెఫ్‌కూ ఉంది. సర్కారు పశువుల డాక్టర్లు వచ్చి మందలో చాలా మేకలను కోయించేశారు. అవి పోతుంటే ఆయన గుడారం వెనక్కి వెళ్లి కూర్చున్నాడట. బాలన్న వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. క్షమించమని అబూ నాయెఫ్ ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత బాలన్న వెళ్లినప్పుడు పాలు పొంగేదాకా తానే కాచి గిన్నెలో పోసిచ్చాడు. హెస్సా చలికాలానికల్లా లేచి తిరిగింది. పీరయ్యను ఆయనే కాగితాలు చేయించి ఇంటికి పంపాడు. నడుము నొప్పి పూర్తిగా పోలేదు కానీ, ఆర్మూరులో చాయ్ హోటల్ పెట్టుకున్నాడు.

బాలన్న అక్కడితో ఆగలేదు. రూబీని అడిగి తెలుసుకున్నదంతా ప్రతి మంద దగ్గరా చెప్పేవాడు. పాలు కాచుకొమ్మని, మేకలు ఈనేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ సంచి తొడుక్కొమ్మని. పాలు కాచితే బలం పోతుందని పెషావర్ నుంచి వచ్చిన కాపరి ఇనాయతుల్లా వాదించేవాడు. బాలన్న వాదన పెట్టుకోలేదు. ఒక అల్యూమినియం గిన్నె కొనుక్కెళ్లి, ట్యాంకు ఖాళీ అయ్యేలోపు పాలు కాచి, చెరో గ్లాసు పోసేవాడు. మూడు నాలుగు వారాలకు ఇనాయతుల్లాయే పొయ్యి వెలిగించి ఎదురుచూడటం మొదలుపెట్టాడు. జ్వరం వచ్చినవాళ్లను బండెక్కించుకుని తిరుగుతాడని బాలన్న మేనేజరు చేత తిట్లు తినేవాడు. తిన్నా మానలేదు.

ఒకసారి బాలన్నకు పడమటి తీరాన రాబిగ్ రిఫైనరీలో ఏసీ బస్సు నడిపే పని దొరికింది. నేనైతే ఎగిరి గంతేసేవాణ్ని. ఎందుకు వెళ్లవని అడిగాను.

“ఆడ బస్సు తోలెటోళ్లు మస్తుమంది దొరుకుతరు. ఈ ఇసుక తొవ్వలు నాకు ఎర్కైనయ్,” అన్నాడు.

రెండు వేల మూడులో బాలన్న పని మానుకుని ఊరికి బయల్దేరాడు, ఇక తిరిగిరాకుండా. కంపెనీ వ్యాన్ వద్దని అబూ నాయెఫ్ తన బండిలోనే దమ్మాం విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. తలుపు దగ్గర ఆ ముసలాయన బాలన్న నుదుటి మీద ముద్దు పెట్టాడు. అది వాళ్లలో పెద్దవాళ్లకు చేసే మర్యాద. బాలన్న సిగ్గుపడి, ఏం చేయాలో తెలియక, వంగి తన సామాన్ల అట్టపెట్టె తాడును మళ్లీ బిగించసాగాడు.