హన్మమ్మ బండ

తాండూరులో బండలకు పాలిష్ పట్టే కుమారస్వామి, చనిపోయిన భార్య హన్మమ్మ పేరును ఒక నీలంబండ మీద స్వయంగా చెక్కాడు. గుట్టమీది గుడి గడప ముందు పరిస్తే భక్తుల పాదధూళి ఆమె పేరు మీద పడుతుందని ఆశ. సొంత తమ్ముడు చంద్రకాంత్ గుడి కమిటీలోనే ఉన్నాడు కదా అని, ఆ పని అతనికి అప్పగించాడు.

శ్రావణంలో గుట్టెక్కి చూస్తే గడప ముందున్న బండ మీద చంద్రకాంత్ పేరుంది. మూలనున్న తెల్లచార చూసి అది తన బండేనని కుమారస్వామి గుర్తుపట్టాడు.

"మీ వదిన పేరేదిరా?"

"బోర్లేసి పరిపించిన అన్నా. వదిన పేరు కింద గట్లనే ఉన్నది, యాడికి పోలే," అన్నాడు తమ్ముడు.

లోపలికి పోవాలంటే ఆ బండ తొక్కాలి. తొక్కితే ఆ పుణ్యం తమ్ముడికే. కుమారస్వామి దేవుణ్ణి చూడకుండానే గుట్ట దిగాడు.